లప్పం కింద లక్షలు

బెండకాయలు కొనేటప్పుడు కొస విరిచి చూస్తాం. ఫట్‌మని విరిగితేనే సంచిలోకి. వంగితే తిరిగి గంపలోకే. పావుకిలో సరుక్కి అంత పరీక్ష. మరి నలభై లక్షలు పోసి పాత బెంజి కొనేటప్పుడు? బానెట్ మీది నక్షత్రం చూస్తాం. తోలు సీటు వాసన పీలుస్తాం. స్టీరింగ్ పట్టుకుని ఒక ఫొటో దిగుతాం. పరీక్ష అయిపోయింది. టోకెన్ అడ్వాన్సు చేతులు మారింది.

కార్ల కన్సల్టెన్సీ ఆయన కోరేదీ అదే. ‘‘సార్, బండి మక్ఖన్. కండ్లు మూస్కొని తీస్కోండి’’ అంటాడు. అబద్ధమేం లేదు. కళ్లు తెరిచినవాడు ఆ బండి తీసుకోడు.

అమ్మకం మాటలు ఒకసారి వినండి. ‘డాక్టర్ గారి బండి’. ఊళ్లో అమ్మకానికి ఉన్న పాత లగ్జరీ కార్లన్నీ డాక్టర్లవే. కార్లు కొనడం, వాటిని తుడవడం, నడపకుండా అమ్మేయడం తప్ప మన వైద్యులకు వేరే పని ఉన్నట్టు లేదు. ‘ఎన్నారై బండి, షెడ్డులోనే ఉంది’. షెడ్డులో ఉంటే మంచిదని ఎవరు చెప్పారు? ఏళ్ల తరబడి కదలని కారులో బ్రేకులు పట్టేస్తాయి. ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. ఎలుకలు వైర్ల మీద విందు చేసుకుంటాయి. ‘సింగిల్ ఓనర్’. అవును, ఆర్సీలో ఒక్కటే పేరు. మధ్యలో బండి మారిన మూడు చేతుల్లో ఏ ఒక్కటీ పేరు మార్పించుకోలేదు, అంతే. చలానాలు మాత్రం పదేళ్ల కిందట అమ్మేసిన మొదటాయనకే వెళుతున్నాయి.

‘రేర్ పీస్ సార్, మళ్లీ దొరకదు’. ఇది నాకు బాగా నచ్చిన మాట. మెర్సిడెస్ డబ్ల్యూ123 గురించి ఎక్కువగా వినబడుతుంది. 1976లో బజారులోకి వచ్చి పదేళ్ల పాటు తయారైన బండి అది. కంపెనీ చేసినవి దాదాపు 27 లక్షలు. మొరాకోలో దశాబ్దాల పాటు టాక్సీలుగా అరిగిపోయినవి ఇవే. మంచి బండే, కాదనను. మొండి బండి. కానీ 27 లక్షల్లో ఒకటి ‘రేర్ పీస్’ ఎలా అయింది? అరుదైనది ఆ బండి కాదు. దాన్ని సరిగ్గా చూసుకున్న యజమాని.

ఇక కిలోమీటర్లు. 1984 మోడల్ కారు. మీటరు మీద 62 వేలు. నలభై ఏళ్లలో 62 వేలంటే రోజుకు నాలుగు కిలోమీటర్లు. పాత యజమాని గుడికి వెళ్లి వచ్చేవారట. గుడి కూడా దగ్గరేనట. పాత బళ్లలో చాలావాటి మీటర్లో ఐదే అంకెలు ఉంటాయి. 99,999 దాటితే మళ్లీ సున్నా. ఆ 62 వేలు మొదటి రౌండువా, మూడో రౌండువా? మీటరు చెప్పదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు చెబుతుంది. డ్రైవరు సీటు అంచు చెబుతుంది. స్టీరింగ్ మీద వేళ్లు పట్టే చోట అరిగిన తోలు చెబుతుంది. అందుకే కాబోలు, అమ్మే ముందు ఆ మూడూ కొత్తవి వేయిస్తారు. కొత్త పెడల్ రబ్బరు, కొత్త స్టీరింగ్ కవరు, కొత్త సీటు తోలు. అయినా ‘అన్నీ ఒరిజినల్ సార్’. అంకెలు తెర మీద కనిపించే బళ్లలో మీటరు తిప్పడం ఇంకా తేలిక. చేతికి మసి కూడా అంటదు. ల్యాప్‌టాప్ పెట్టుకున్న కుర్రాడు పది నిమిషాల్లో లక్ష కిలోమీటర్లు వెనక్కి నడిపిస్తాడు. ఇంత వేగంగా ఏ బెంజీ పరుగెత్తలేదు.

బండి కింద ఏముందో చూద్దామంటే మొహాలు మారిపోతాయి. ‘‘కింద ఏముంటది సార్? రోడ్డుంటది.’’ పాత కారు విలువంతా ఉండేది కిందే. తుప్పు పైనుంచి మొదలవ్వదు. తలుపుల కింద ఉండే సిల్స్‌లో, జాకీ పెట్టే చోట, చక్రాల పైవంపుల లోపల, బ్యాటరీ కింద, డిక్కీలో స్టెప్నీ పడుకునే గుంటలో మొదలవుతుంది. విశాఖ, చెన్నై వంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండికైతే ఇంకా ముందే. బయటికి బుడగలా కనబడేసరికి లోపల జల్లెడ అయిపోయి ఉంటుంది. దానికి మందు? రేకు కోసి కొత్త రేకు అతికించడం సరైన పని. దానికి మంచి టింకరింగ్ మేస్త్రీ కావాలి, నెలలు కావాలి, లక్షలు కావాలి. మన మందు వేరే. లప్పం. డబ్బా లప్పం, నాలుగు గరుకు కాగితాలు, ఒక కోటు రంగు, పైన పాలిష్. వారంలో పెళ్లికొడుకు. మొదటి వర్షాకాలంలో ముసలోడు.

లప్పం పట్టుకోవడానికి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి అని తెలిసినవాళ్లు చెబుతారు. ఇనుప రేకుకు అంటుకుంటుంది, లప్పానికి అంటుకోదు. బాగుంది. కానీ ఈ తెలివి కూడా సగమే తెలిస్తే ప్రమాదం. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో ముందు నిలబడి తలుపు మీద అయస్కాంతం పెట్టి, అది జారిపడగానే ‘మొత్తం లప్పమే’ అని తీర్పు చెప్పే పెద్దమనుషులున్నారు. ఆ బండి తలుపులు, బానెట్, డిక్కీ మూత కంపెనీ నుంచే అల్యూమినియం. దానికి అయస్కాంతం ఏ జన్మకూ అంటుకోదు. పక్కనే ఉన్న ఇనుప సిల్స్ కుళ్లిపోయి ఉంటే అక్కడ పెట్టి చూడరు. వంగాలి కదా. పొట్ట అడ్డం.

1965 నుంచి 1980 దాకా తయారైన ఆ సిల్వర్ షాడోకు పాత రోల్స్‌ల లాగా కింద వేరే ఛాసీ లేదు. బాడీయే ఛాసీ. అంటే సిల్స్ కుళ్లడమంటే అందం పోవడం కాదు, నడుం విరగడం. మరి ఎవరు చెబుతారు కొనేవాడికి? పైగా దాని బ్రేకులు, వెనక ఎత్తు సర్దే సస్పెన్షన్ నడిచేది సిట్రోయెన్ నుంచి లైసెన్సు తీసుకున్న హైడ్రాలిక్ ఏర్పాటు మీద. దానికి కంపెనీ చెప్పిన బ్రేకు ఆయిలే పోయాలి. దాని తర్వాత 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌కు మినరల్ ఆయిల్. ఒకదానిది ఇంకోదాంట్లో పోస్తే లోపలి రబ్బరు సీళ్లన్నీ నాశనం. మన షెడ్డులో ఏం పోస్తారు? ఆ రోజు ఏ డబ్బా తెరిచి ఉంటే అది. రెండు టన్నులు దాటే బరువును ఆపాల్సిన బ్రేకుల్లో ఏ ఆయిల్ ఉందో దేవుడికే తెలియాలి. ఆ బండికి పూలు కట్టి పెళ్లికొడుకును ఊరేగిస్తారు. వెనక కూర్చున్నాయన పెళ్లి గురించి భయపడుతుంటాడు. భయపడాల్సింది బ్రేకు గురించి.

అయినా ఎవరూ మాట్లాడరు. పాత కార్ల లోకంలో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: చవగ్గా దొరికిన రోల్స్ రాయిస్ అంత ఖరీదైన వస్తువు మరొకటి లేదు. కొన్న ధర మొదటి వాయిదా మాత్రమే. మిగతావి షెడ్డుకు కట్టాలి.

తొంభైల తొలి సగంలో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ124 సంగతి ఇంకో రకం. ఆ ఏళ్ల బళ్లు చాలావాటిలో ఇంజన్ వైర్ల మీది తొడుగు వేడికి బిస్కెట్‌లా పొడిపొడి అయిపోతుంది. ప్రపంచమంతా తెలిసిన జబ్బు. ఇంజన్ వైరింగ్ మొత్తం మార్చారా లేదా అన్నదే ఆ బండికి అడగాల్సిన మొదటి ప్రశ్న. అడిగి చూడండి. ‘‘వైరింగ్ అంతా ఓకే సార్, ఆండ్రాయిడ్ స్టీరియో కూడా పెట్టించాం’’ అని జవాబు వస్తుంది. మొదటి ప్రశ్నకు జవాబు రాలేదని గమనించారా? మీరు గమనించినా కొనేవాడు గమనించడు. వాడు అప్పటికే పాట మార్చుకుంటున్నాడు.

బండి చూడడానికి ఉదయం తొమ్మిదికి రమ్మంటారు. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది. ‘‘మీ కోసమే స్టార్ట్ చేసి ఉంచాం సార్.’’ ఎంత మర్యాద! చల్లటి ఇంజన్ మొదటిసారి పలికే శబ్దంలోనే దాని రోగాలన్నీ బయటపడతాయి. సైలెన్సర్ లోంచి నీలం పొగొస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, బోరుకొచ్చిందన్నమాట. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి పోతున్నాయి, హెడ్ గ్యాస్‌కెట్ పోయిందేమో చూడాలి. అది మీరు చూడకుండా ఉండడానికే ఆ మర్యాద. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. అద్దాల మూల మీద కూడా తయారీ గుర్తులుంటాయి. నాలుగు అద్దాలు ఒక ఏడాదివి, ఒక్కటి వేరే ఏడాదిది అయితే ఆ వైపు ఏదో గుద్దుకుందన్న మాట. రంగు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి కొన్ని వేలకే దొరుకుతుంది. కంపెనీ రంగు మామూలుగా వంద నుంచి నూట ఎనభై మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద ఆరు వందలు చూపిస్తే? ‘‘అక్కడ కోటింగ్ చేయించాం సార్.’’

నలభై లక్షల బండి. నాలుగు వేల పరికరం. ఆ నాలుగు వేలు దండగ అనిపిస్తుంది మనకు.

సరే, మనకు చూడడం రాదు. చూడడమే వృత్తిగా ఉన్నవాళ్ల సంగతేంటి? వాల్యుయేషన్ రిపోర్టు అని ఒక కాగితం ఉంటుంది. అప్పు ఇచ్చేవాడికి కావాలి, బీమా వాడికి కావాలి. దాని మీద గళ్లు ఉంటాయి. ఇంజన్: గుడ్. బాడీ: గుడ్. టైర్లు: గుడ్. ఆ గుడ్‌లు రాసినాయన బండి కింద దూరాడా? దాన్ని లిఫ్టు మీద ఎక్కించాడా? కంప్రెషన్ కొలిచాడా? ఛాసీ నంబరు మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకున్నాడు. నాలుగు వైపులా నాలుగు ఫొటోలు తీశాడు. టీ తాగాడు. వెళ్లిపోయాడు. బండి విలువ ముందే చెప్పేశారు కదా, అప్పు ఎంత కావాలో. అంకె ముందు పుడుతుంది. పరీక్ష దానికి తర్వాత పేరు పెడుతుంది.

అమెరికాలో పాత కార్లకు విలువ కట్టే హాగర్టీ సంస్థ బళ్లను నాలుగు మెట్లుగా చూస్తుంది. ఒకటో మెట్టంటే ప్రపంచంలోని మేటి ప్రదర్శనల్లో బహుమతి కొట్టే స్థాయి. నాలుగోదంటే నడుస్తుంది గానీ లోపాలు కంటికి కనబడతాయి. ఒకే మోడల్‌కు పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. అందుకే అక్కడ ఏ మెట్టన్నదాని మీదే బేరమంతా. మన దగ్గర మెట్లు లేవు. అన్నీ మేడ మీదే. తలుపు తీస్తే చేతికి ఊడొచ్చే బండి కూడా ‘షోరూమ్ కండిషన్’. ఏ షోరూమ్? ఎప్పుడు మూసేశారు దాన్ని?

వరద బళ్ల గురించి చెప్పకపోతే పాపం. 2005లో ముంబయి మునిగింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ. మునిగిన ప్రతిసారీ సెల్లార్లలో ఖరీదైన కార్లు తేలాయి. బీమా సంస్థ ‘టోటల్ లాస్’ అని డబ్బు కట్టేస్తుంది. ఆ తర్వాత ఆ బండి ఏమవుతుంది? తుక్కు కింద వేలం. తుక్కు కొన్నవాడు తుక్కు చేస్తాడా? ఆరబెడతాడు. కార్పెట్ మారుస్తాడు. సెంటు కొడతాడు. రాష్ట్రం దాటిస్తాడు. చచ్చిపోయిందని డబ్బు తీసుకున్న బండి ఇంకో ఊళ్లో ‘ఫుల్లీ లోడెడ్’ అని లేచి కూర్చుంటుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనబడుతుంది. సీటు కింది పట్టాల్లో ఒండ్రు ఉంటుంది. ఫ్యూజు పెట్టెలో పచ్చని చిలుము ఉంటుంది. ఇవి చూడడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. టార్చి లైటు చాలు. కానీ బీమా సంస్థ దగ్గర నష్టం రాసిన రికార్డు ఉంది, రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ రికార్డు ఉంది. ఆ రెండు రికార్డులూ ఒకదాన్నొకటి పలకరించుకుంటే ఈ పునర్జన్మలు ఉంటాయా? ఎవరు పలకరించనివ్వడం లేదు? డిజిటల్ ఇండియాలో మన ఫోను మన మనసులో మాట పసిగడుతుంది. మునిగిన కారు సంగతి మాత్రం పక్క రాష్ట్రం ఆర్టీయేకు చేరదు.

ఇక కథల ధర. పాత లగ్జరీ కారులో ఇంజన్ కంటే బలంగా పనిచేసేది కథ. హైదరాబాద్‌లో ప్రతి ముసలి కారూ ‘నిజాం గారి బండే’. నిజాం కుటుంబానిదని నిజంగా తెలిసిన బండి చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు టికెట్ కొనుక్కుని వెళ్లండి. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అక్కడుంది, లోపల సింహాసనం లాంటి ఆసనంతో. మిగతావాటికి కాగితాలేవీ? ‘‘మా తాత చెప్పేవాడు’’ అంటారు. తాత సాక్ష్యానికి పది లక్షలు అదనం. అల్వర్ మహారాజును లండన్ షోరూములో చులకన చేశారట, ఆయన కోపంతో ఏడు రోల్స్ రాయిస్‌లు కొని ఊళ్లో చెత్త ఎత్తించాడట. ఎన్నిసార్లు విన్నారు? ఇదే కథ పటియాలా రాజు మీదా ఉంది, భరత్‌పూర్ రాజు మీదా ఉంది, మన నిజాం మీదా ఉంది. చెత్త ఒక్కటే, రాజులు నలుగురు. గట్టి ఆధారం ఒక్క రాజుకూ లేదు. అయినా ఆ కథ చెప్పి అమ్మిన బళ్లకు ధర పెరిగింది.

కథకు ఆధారం ఉంటే వేరు. ఫ్రాన్స్‌లో బైలోన్ అనే కుటుంబం పాత కార్లను షెడ్లలో వదిలేసింది. దశాబ్దాలు పట్టించుకోలేదు. వాటిలో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేస్తే 1.6 కోట్ల యూరోలు దాటింది. నటుడు అలెన్ డెలోన్ అందులో కూర్చున్న ఫొటో ఉంది మరి. అంతకు ముందు 2010లో ఒక బుగాటీ బ్రెసియాను వేలం వేశారు. మాజొరె సరస్సు అడుగున దశాబ్దాలు నానిన బండి. సగం తినేసిన ఇనుము. 2,60,500 యూరోలు. తుప్పుకు కూడా ధర ఉంది, వంశం తెలిస్తే. కాదని ఎవరన్నారు? వంశవృక్షాన్ని ప్రింటింగ్ షాపులో చేయించడం దగ్గరే గొడవ.

అసలుదా, కాదా అన్న గొడవ ఇంగ్లండ్‌లో కోర్టుకే వెళ్లింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ. 1929లోనూ, 1930లోనూ లమాన్ 24 గంటల పందెం గెలిచిన బండి. ఆ తర్వాత పందేల కోసం, ప్రమాదాల వల్ల భాగాలు మారుస్తూ పోయారు. గెలిచిన రోజున ఉన్న లోహంలో మిగిలింది కొద్దే. కోటి పౌండ్లకు బేరం కుదిరాక కొనేవాళ్లు అడ్డం తిరిగారు, ఇది ఆ బండి కాదని. 1990లో న్యాయమూర్తి ఏ భాగం ఎప్పుడు మారిందో లెక్క అంతా విన్నారు. చరిత్ర ఎక్కడా తెగకుండా సాగింది కాబట్టి ఇది ఆ బండే అని తేల్చారు. ఆ తీర్పుతో మీరు ఏకీభవించకపోవచ్చు. నాకూ కొంచెం అనుమానమే. కానీ లెక్క ఉంది చూడండి! ఏ ఏట ఏ మార్పు జరిగిందో రాసి పెట్టుకున్నారు. మన బండికి పోయిన ఏడాది ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. ‘‘మన మనిషే చేస్తాడు సార్, బిల్లెందుకు?’’ ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు ఆర్సీతో సరిపోతున్నాయా అని అడగండి. మిమ్మల్ని పోలీసువాణ్ని చూసినట్టు చూస్తారు. అంబాసిడర్ డీజిల్ ఇంజన్ గుండెతో బతికే బెంజిలు ఈ దేశంలో ఎన్నో. బయట జర్మనీ, లోపల అంబాసిడర్ పుట్టిన ఉత్తరపారా.

ఇప్పుడు అసలు తమాషాకు వద్దాం. ఒకే కారు. ఒకే యజమాని. ఒకే వారం. కొనేవాడి ముందు దాని విలువ కోటి. ‘ఇన్వెస్ట్‌మెంట్ సార్, ఏటేటా పెరుగుతుంది’. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2022లో ఒక మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయిందని అమ్మేవాడు గూగుల్ చేసి మరీ చూపిస్తాడు. వెయ్యి కోట్ల రూపాయలు దాటిన మాట నిజమే. అలాంటివి ప్రపంచంలో తయారైందే రెండు. ఈయన అమ్మేది 27 లక్షల్లో ఒకటి. ఆ సంగతి గూగుల్ చేయడు.

అదే కారు కస్టమ్స్ ముందుకొస్తే? పాపం, ముసలిది. విలువలేనిది. సగానికి సగం. 2025 మే నెలలో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ హైదరాబాద్‌కు చెందిన ఒక ఖరీదైన కార్ల డీలరును అరెస్టు చేసింది. అమెరికా, జపాన్ నుంచి బళ్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తిప్పి, ఎడమ స్టీరింగ్‌ను కుడివైపుకు మార్పించి, తప్పుడు కాగితాలతో ధర సగం దాకా తగ్గించి చూపించి, 25 కోట్ల వరకు సుంకం ఎగ్గొట్టారన్నది ఆ సంస్థ ఆరోపణ. కోర్టు ఏం తేలుస్తుందో చూద్దాం. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు ‘నుమ్‌ఖోర్’ పేరుతో దాడులు చేశారు. భూటాన్ దారిన దొంగచాటుగా వచ్చిన ఖరీదైన బళ్లని అనుమానం. సినిమా తారల ఇళ్ల దాకా వెళ్లారు. నిబంధన చూస్తే సాధారణంగా వాడిన కారు మూడేళ్ల లోపుదైతేనే దిగుమతికి వీలు. లేదా 2025లో వచ్చిన సడలింపు ప్రకారం యాభై ఏళ్లు దాటిన వింటేజ్ అయి ఉండాలి. మధ్యలో ఉన్నది రాకూడదు. మరి నిన్నగాక మొన్న దిగిందంటూ ముప్ఫై ఏళ్ల బండి తిరుగుతుంటే అది ఎలా దిగింది? ఆకాశం నుంచా? అడగాల్సినవాళ్లు అడగరు. వాళ్లబ్బాయి పెళ్లికి ఆ బండే వచ్చింది.

బీమా దగ్గర ఇంకో విలువ. పట్టిక ప్రకారం మామూలు కారుకు నాలుగైదేళ్ల మధ్య సగం విలువ కోసేస్తారు. ఐదేళ్లు దాటితే బీమా వాడు, మీరు మాట్లాడుకుని ఒక అంకె వేసుకోవాలి. మాట్లాడుకోవడమంటే ఏమిటో తెలుసు కదా. ప్రీమియం కట్టేటప్పుడు తక్కువ, గుద్దుకున్న రోజు ఎక్కువ.

పన్ను దగ్గర? అక్కడ ఈ పెట్టుబడి ఒక్కసారిగా రోజూ కూరగాయలకు తీసుకెళ్లే బండి అయిపోతుంది. సొంత వాడకపు వస్తువు అమ్మితే వచ్చిన లాభంపై పన్ను లేదు కాబట్టి. ఒకాయన 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను 1983లో 20 వేలకు కొని, ఆ తర్వాత 21 లక్షలకు అమ్మారు. సొంత వాడకపు వస్తువే కదా, పన్నెందుకు అన్నారు. కేసు దశాబ్దాలు నడిచింది. 2025లో బొంబాయి హైకోర్టు తేల్చింది: వాడుకోవడానికి వీలుంటే చాలదు, నిజంగా వాడినట్టు చూపించాలి. అంతే మరి. అమ్మేటప్పుడు ‘ఒక్క రోజూ రోడ్డెక్కలేదు సార్’, పన్ను అధికారి ముందు ‘రోజూ నడుపుతాను సార్’. ఈ రెండు వాక్యాలూ ఒకే నోటి నుంచి వస్తాయి. తడబాటు ఉండదు.

చట్టం ఎవరి వైపు చూస్తుంది మరి? 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక నిబంధన తెచ్చింది. యాభై ఏళ్లు దాటాలి. మూల రూపం చెడకూడదు. ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకుంటే 5 వేలు. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. మంచిదే. వారసత్వం కాపాడుకోవాలి. మంత్రిగారు జెండా ఊపాలి. పొగ ఎంతొచ్చినా ఆ రోజు అది పరిమళం.

యాభై ఏళ్లు దాటితే వారసత్వం. పదిహేనేళ్లు దాటితే నేరం. మధ్యలో ముప్ఫై అయిదేళ్లు బండి ఏమైనట్టు? 1985 నాటి డబ్ల్యూ123ను ప్రేమగా చూసుకునే ఉద్యోగి ఎవరైనా ఉంటే, ఆయన కారు వింటేజ్ కాదు, కొత్తదీ కాదు. అది దిగుమతి బండి అయితే 2025 ఆగస్టులో పెంచిన రేటు ప్రకారం ఇరవై ఏళ్లు దాటినందుకు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 80 వేలు కట్టాలి. వినండి మళ్లీ. యాభై ఏళ్ల రోల్స్ రాయిస్‌కు 20 వేలు. నలభై ఏళ్ల బెంజికి 80 వేలు. ఏ తుప్పును కొలిచి కట్టారు ఈ రేటు? ఏ పొగను పీల్చి? బండి ఎలా ఉందో ఎవరు చూశారు? క్యాలెండర్ చూశారు. ఢిల్లీలో అయితే ఆ క్యాలెండరే బంకు దగ్గర కాపలా కాసింది. డీజిల్ కారుకు పదేళ్లు, పెట్రోలుకు పదిహేను దాటితే 2025 జులై 1 నుంచి ఇంధనం పోయొద్దన్నారు. జనం తిరగబడితే రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఈలోగా భయపడిన యజమానులు మెరుస్తున్న జర్మన్ బళ్లను వచ్చిన కాడికి వదిలించుకున్నారు. అవి ఎటొచ్చాయనుకున్నారు? మన కన్సల్టెన్సీల ముందు వరసగా నిలబడ్డాయి. ‘ఢిల్లీ బండి సార్, చీప్‌లో వచ్చింది’. అక్కడి గాలికి విషమైన బండి మన గాలికి బేరమైంది. మన ఊపిరితిత్తులకు వాల్యుయేషన్ ఎవరు చేశారో మరి. గుడ్ అని రాసి ఉంటారు.

వీటన్నిటి మధ్య మారుతి 800 ఆయన ఒకాయన ఉంటాడు. పేరు అక్కర్లేదు, ప్రతి వీధిలో ఉంటాడు. బండి 2003ది. సర్వీసు బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. లప్పం లేదు. మీటరు తిప్పలేదు. రేడియేటర్‌లో నీళ్లు రోజూ చూసుకుంటాడు. ఆ కారు గురించి కథలేమీ లేవు, తాత సాక్ష్యం లేదు, ఏ తారా అందులో కూర్చోలేదు. అమ్మబోతే కన్సల్టెన్సీ ఆయన బానెట్ కూడా ఎత్తడు, ‘‘తుక్కు రేటిస్తం సార్’’ అంటాడు. ఉంచుకోబోతే ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 10 వేలు. అది అయిదేళ్లకే. గడువు దాటాక దరఖాస్తు చేస్తే నెలకు 500 అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరే.